ఈ కథలో నీతి యేమనగా...

మా దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ లేని విద్య లేదు. మెట్రో స్తంభాల వెంబడి నడుచుకుంటూ పోతే చాలు, బ్యాంకు పరీక్షలకి, గ్రూప్సుకి, పోలీసు వుద్యోగాలకి, కంప్యూటర్ కోర్సులకి, ఇంగ్లీషు మాట్లాడడానికి బోర్డుల మీద బోర్డులు! ఒకే మేడలో నాలుగంతస్తులుంటే నాలుగు చదువులు. ఊళ్ళ నుంచి వచ్చిన ఆ పిల్లలు పగలంతా చదివి, సాయంత్రం మిర్చిబజ్జీల బండి దగ్గర నిలబడి కూడా బిట్లు అప్పజెప్పుకుంటూ వుంటారు. వాళ్ళనేమీ అనను. వుద్యోగం కావాలి, దానికో పరీక్ష వుంది, పరీక్షకో జవాబు వుంది. న్యాయమే.

నా పోట్లాటల్లా, ఐదేళ్ళ పిల్లల మంచితనానికి కూడా ఈ కోచింగ్ మొదలయిందనే.

నమ్మరా? అయితే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా పుస్తకాల దుకాణాలు నాలుగు తిరిగి రండి. పోటీ పరీక్షల గైడ్ల పక్కనే, నున్నటి కాగితం మీద అచ్చేసిన బొమ్మల పుస్తకాల సెట్లు కనిపిస్తాయి. ఒకదాని మీద నిజాయితీ, ఒకదాని మీద దయ, ఒకదాని మీద క్రమశిక్షణ, ఇంకోదాని మీద పెద్దలంటే గౌరవం. మందుల షాపులో సీసాలు పేర్చినట్టు, జబ్బుకో సీసా! అట్ట మీద నవ్వుతూ కుందేలు వుంటుంది. చివరి పేజీలో మాత్రం గీతలు గీసిన ఓ గడి, ఆ గడిలో లావుపాటి అక్షరాలతో "నీతి" అని. దాని కింద మూడు ప్రశ్నలు. కొన్నిట్లో ఖాళీలు పూరించడం కూడా వుందండీ! ఖాళీలో "నిజం" అని రాస్తే నిజాయితీ వచ్చేసినట్టే లెక్క.

బొమ్మల పుస్తకాలంటే నాకు గిట్టదని అనుకునేరు. కథలు రాసుకుని బతికేదాన్ని, నాకు అక్షరాల కన్నా ముందు కథ చెప్పింది బొమ్మే. చందమామలో వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రం, లోపల శంకర్ గీసిన బేతాళ కథ బొమ్మ. భుజాన శవంతో శ్మశానంలో నడిచే ఆ విక్రమార్కుణ్ణి దుప్పటి ముసుగులోంచి ఒక కన్నుతో చూసిన తరం మాది. ఆ కథ చివర గడిగీసిన నీతి వుండేది కాదు. బేతాళుడు చిక్కుప్రశ్న వేసేవాడు. రాజు జవాబు చదివే లోపల మనమూ కాసేపు తలగోక్కునేవాళ్ళం. ఒక్కోసారి రాజుతో వొప్పుకునే వాళ్ళమే కాదు! ఆ తలగోక్కోవడమే చదువు. చందమామ అచ్చు ఆగిపోయి పదేళ్ళు దాటింది. దానితోబాటు ఆ తలగోక్కోవడం కూడా ఆగిపోవాలా అన్నది నా బాధ.

మా పక్కవాటాలో ఒక ఐదేళ్ళ పిల్లవాడున్నాడు. వాళ్ళమ్మ వుద్యోగం చేస్తుంది. ఇంటికి చేరేసరికి ఏడు దాటుతుంది. అయినా పాపం, రోజూ పిల్లవాణ్ణి పక్కన కూచోబెట్టుకుని ఒక కథ చదువుతుంది. అందుకామెకి దణ్ణం పెట్టాలి. ఓ రోజు నేను వాళ్ళింట్లో వుండగా "నాన్నా పులి" కథ వచ్చింది. మీకు తెలిసిందే. పులి రాకుండానే రెండుసార్లు వచ్చిందని అరిచాడు, మూడోసారి నిజంగా వచ్చింది, తండ్రి రాలేదు. చివరి బొమ్మలో పులి నోరు తెరుచుకుని వుంది.

"ఈ కథలో నీతి ఏంటి నాన్నా?" అంది తల్లి.

పిల్లవాడు ఆ పులి వంకే చూస్తూ, "వాళ్ళ నాన్న ఎందుకు రాలేదు?" అన్నాడు.

"వాడు అబద్ధం చెప్పాడు కాబట్టి. నీతి ఏంటి?"

"అబద్ధం చెప్తే నాన్న రాడా?"

"ముందు నీతి చెప్పు."

"అబద్ధం ఆడరాదు," అని అప్పజెప్పేశాడు. తల్లి మెచ్చుకుని పుస్తకం మూసింది. వాడి మొహం మాత్రం విప్పారలేదు. గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు తుంచుతున్న నాయనమ్మ, సూర్యాపేట దిక్కు మనిషి, అప్పుడు నోరు విప్పింది.

"ఎందుకు రాడు బిడ్డా? వస్తడు. తిట్టుకుంట తిట్టుకుంట వురికొస్తడు. నాయిన గదా!"

"అత్తమ్మా, అట్ల చెప్తే ఇంక నీతేముంటది?" అంది కోడలు.

పిల్లవాడు మాత్రం లేచి వెళ్ళి నాయనమ్మ పక్కన చేరి, "తిట్టినంక?" అన్నాడు.

"తిట్టినంక అన్నం పెడ్తడు."

ఎవరి పక్షమంటారా? నేను నిస్సందేహంగా ఆ ముసలమ్మ పక్షం. ఈసపు కథలో పశువుల కాపరి పిల్లవాడు పిలిచింది వూరివాళ్ళని. మన దగ్గరికి వచ్చేసరికి తోడేలు పులి అయింది, వూరివాళ్ళు నాన్న అయ్యారు. పెద్దవాళ్ళకి అది చిన్న మార్పు. ఐదేళ్ళవాడికి మాత్రం కథంతా అక్కడే వుంది. తను తప్పు చేస్తే ఆపదలో నాన్న రాడా అన్నది వాడి ప్రాణం మీది ప్రశ్న. ఆ ప్రశ్న బయటికి వచ్చిన క్షణంలో మనం "నీతి చెప్పు" అన్నామంటే, వాడికి నేర్పింది నిజం చెప్పడం కాదు, మన చెవికి ఇంపైన జవాబు చెప్పడం. ఈ రెంటికీ ఆమడ దూరం వుంది. అబద్ధంలో మొదటి పాఠం అదేనేమో కూడా!

"ఇదంతా నీ కవిత్వం, భయం లేనిదే పిల్లలకి బుద్ధి రాదు" అనేవాళ్ళున్నారు. పోనీ, లెక్కగా పరీక్షించి చూసినవాళ్ళ మాట వినండి. టొరంటో విశ్వవిద్యాలయంలో కాంగ్ లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివాళ్ళు సరిగ్గా ఈ కథనే పరీక్షకి పెట్టి 2014లో ఫలితాలు ప్రకటించారు. మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలు. వెనక పెట్టిన బొమ్మని తిరిగి చూడొద్దని చెప్పి పెద్దవాళ్ళు గదిలోంచి వెళ్ళేవారు. చూడకుండా వుండడం ఆ వయసులో ఎవరి తరం? తిరిగొచ్చి ఒక కథ చదివి, "చూశావా?" అని అడిగేవారు. కొందరికి "నాన్నా పులి" లాంటి తోడేలు కథ, కొందరికి అబద్ధమాడితే ముక్కు పొడుగయ్యే పినోకియో కథ, కొందరికి చెర్రీ చెట్టు నరికి తండ్రి దగ్గర వొప్పుకున్న జార్జి వాషింగ్టన్ కథ. ఇంకొందరికి, నిజానికీ అబద్ధానికీ సంబంధం లేని తాబేలూ కుందేలూ పందెం కథ.

ఏమైందంటారు? తోడేలు కథ, ముక్కు కథ విన్న పిల్లలు, పందెం కథ విన్నవాళ్ళ కన్నా ఎక్కువగా నిజం చెప్పలేదు. నిజం వొప్పుకున్నందుకు తండ్రి మెచ్చుకున్న కథ విన్నవాళ్ళు చెప్పారు. అదే కథని మార్చి, అబద్ధమాడి చిక్కుల్లో పడినట్టు చెబితే మళ్ళీ పని చెయ్యలేదు! అంటే భయం కాదు, నిజం చెప్పినా నాన్న మనవాడుగానే వుంటాడన్న ధైర్యం పని చేసింది. చిక్కుడుకాయలు తుంచుతూ మా నాయనమ్మగారు చెప్పింది ఇదేగా! ఇందులో ఇంకో తమాషా వుంది. ఆ చెర్రీ చెట్టు సంగతి నిజంగా జరిగింది కాదట. వీమ్స్ అనే ఆయన వాషింగ్టన్ జీవిత చరిత్ర రాసి, 1806 నాటి కూర్పులో దాన్ని కల్పించి చేర్చాడంటారు. పిల్లలచేత నిజం చెప్పించింది ఒక కల్పన. కథలు రాసేదాన్ని, నాకు సంతోషంగా వుండదూ?

మరి మన పంచతంత్రం మాటేమిటంటారు. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా పంచతంత్రం, జాతక, హితోపదేశ కథలు పిల్లలచేత చదివించాలంది. తప్పకుండా చదివించండి. కాకపోతే విష్ణుశర్మ ఆ కథలు చెప్పింది రాజకుమారులకి, బతకడమూ ఏలడమూ నేర్పడానికి. చిన్నయసూరి 1853లో అచ్చేసిన "నీతిచంద్రిక"లో నీతి కూడా ఆ లోకనీతే. కాకి రాజుగారింటి హారం ఎత్తుకొచ్చి పాము పుట్టలో పడేస్తుంది. కుందేలు సింహానికి కల్ల చెప్పి బావిలో దూకిస్తుంది. ఇందులో ఏ గడిలో ఏ సుగుణం రాస్తారు? దొంగతనమా, మోసమా? అందుకే సెట్లు వేసేవాళ్ళు కాకిని కత్తిరిస్తారు, కుందేలుకి నవ్వు అతికిస్తారు. "చిన్నవాళ్ళు పెద్దవాణ్ణి మోసం చెయ్యొచ్చా?" అని పిల్లవాడితో కలిసి ఆలోచించడానికి అంత మంచి కథలుండగా, వాటిని పిండి పిప్పి చేసి ఒక వాక్యం మిగుల్చుకుంటున్నాం.

ఇంతకీ ఈ వాక్యాలకి మార్కులు కూడా వున్నాయి సుమండీ. ఎల్బీ నగర్ వైపు ఒక బళ్ళో ఒకటో తరగతి పిల్లలని నిజాయితీ మీద బొమ్మల చార్టు తెమ్మన్నారు. నాకు తెలిసిన ఒకావిడ రాత్రి పదకొండింటిదాకా మేలుకుని, గొడ్డలీ నదీ దేవతా అంతా రంగులతో తానే వేసి, కింద కొడుకు పేరు రాసి పంపింది. బహుమతి వచ్చింది! ఆ పిల్లవాడికి ఆ చార్టు ఏం నేర్పిందో నేను చెప్పాలా? తల్లిని తప్పు పట్టను. అందరి తల్లులూ వేస్తుంటే తన బిడ్డ వంకరటింకర గొడ్డలికి మార్కులెక్కడ వస్తాయి? తప్పు, మంచితనానికి పోటీ పెట్టడంలో వుంది.

అంతెందుకు, పుస్తకం చదివేది వారానికి రెండు గంటలు. మిగతా వేళంతా పిల్లలు చదివేది మనల్ని. లుంగీ కూడా మార్చని తండ్రి ఫోనులో "ఎల్బీ నగర్ చౌరస్తా దాటేశా సార్" అంటుంటే, పక్కన పాలు తాగుతున్న పిల్ల కళ్ళు పెద్దవి చేసి వింటుంది. ఆ పేజీలో నీతి ఎవరు రాస్తారు?

"అయితే పుస్తకాలే వద్దంటావా?" అని నా మీదికి రాకండి. కావాలంటాను. ఇంకా కావాలంటాను. గుజరాత్‌లో గిజుభాయి 1920లోనే బాలమందిరం పెట్టి, పిల్లలకి కథ కథ కోసమే చెప్పాలని నమ్మి చేసి చూపించాడు. ఇవాళ మనకి కొరతా లేదు. తార్నాకలో "మంచి పుస్తకం" వాళ్ళు వేసే తెలుగు బొమ్మల పుస్తకాలున్నాయి. 1996 నుంచీ వున్న చెన్నై తూలిక వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్టువి వున్నాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు డబ్బివ్వకుండానే ఫోనులో చదవొచ్చు. వాటిలో వర్షంలో తడిసే పిల్లలుంటారు, తప్పిపోయిన మేకపిల్లలుంటాయి. జంతువుల కథలు వద్దనను గానీ, మనుషుల కథలు కూడా వెతకండి. అదే టొరంటోలో 2017లో మరో పరీక్ష చేశారు. పంచుకోవడం మీద ఒకే కథని జంతువులతో ఒకసారి, మనుషులతో ఒకసారి బొమ్మలు వేసి చదివితే, మనుషుల బొమ్మలు చూసిన పిల్లలే తర్వాత తమ స్టిక్కర్లు ఎక్కువ పంచారట. చొక్కా తొడిగిన ఎలుగుబంటిలో తనని చూసుకోవడం చిన్నపిల్లలకి అంత సులువు కాదన్నమాట. తన వీధిలాంటి వీధి, తనలాంటి పిల్లవాడు కనబడితే వాడికి తెలుస్తుంది.

తల్లులూ తండ్రులూ అలసిపోయి వస్తారని నాకు తెలుసు. నేనడిగేది ఎక్కువ పని కాదు, తక్కువ పని. పది నిమిషాలు చదవండి. బొమ్మ దగ్గర పిల్లవాడు ఆగితే మీరూ ఆగండి. వాడు అడిగితే జవాబు చెప్పండి, మీరు మాత్రం పరీక్ష పెట్టకండి. అదే పుస్తకం నలభయ్యోసారి తెస్తే విసుక్కోకండి, వాడికి అందులో ఇంకా ఏదో తేలలేదన్నమాట. ఇక ఇంట్లో వున్న ఆ సెట్లు పారెయ్యక్కర్లేదు, డబ్బు పోసి కొన్నారుగా. చివరి పేజీలో ఆ నీతి గడి మీద ఒక తెల్లకాగితం ముక్క అంటించి, పిల్లల చేతికి రంగుపెన్సిలు ఇవ్వండి. ఆ తండ్రి వచ్చినట్టు బొమ్మ వేస్తారో, పులితో స్నేహమైనట్టు వేస్తారో వాళ్ళ ఇష్టం. మార్కులు మాత్రం వెయ్యకండి.