పూటకూటి యింట నొక పూట



ఈ వానకాలమున ఖమ్మమునుండి అడవిదారిని భద్రాచలమునకు బోయి, రామదర్శనము చేసికొని మరలుచు, మేమొక చిన్న పూటకూటి యింట భుజించితిమి. వండునదియు, వడ్డించునదియు, వెల పుచ్చుకొనునదియు యజమానురాలే. అడవిలో గిరిజనస్త్రీలు కోసితెచ్చిన అడ్డాకుల విస్తరిలో వేడియన్నము, ముద్దపప్పు, వెదురుకొమ్ముల కూర, గోంగూర పచ్చడి వడ్డించినది. రుచి యమృతమే.

పూటకూళ్లు మనకు క్రొత్తవి కావు. 1323 లో నస్తమించిన కాకతీయుల రాజధాని యోరుగంట నొక్క రూకకే చక్కని భోజనము దొరకెడిదని 'క్రీడాభిరామము' వర్ణించుచున్నది. పోకల దమ్మక్క రామునకు తాటిపండు నివేదించెనని చెప్పుకొను భద్రాచలమున అన్నము పెట్టు చేతికి గౌరవము తక్కువ కారాదు గదా!

అయినను మేము మారుపప్పు వేయించుకొని లేచునప్పటికి గిన్నె యడుగంటినది. ఆమె పచ్చడిమెతుకులతో కూర్చుండెను.

"నీకేమి మిగిలినదమ్మా?" అని యడిగితిమి.

"మీరు తింటే నా కడుపు నిండినట్టేనమ్మా" అని నవ్వినది.

ఆ నవ్వు మేమెరుగనిది కాదు. మన తల్లులు, అత్తలు నవ్విన నవ్వే యది. మాకు సిగ్గు కలిగినది.

కావున బయట భుజించినప్పుడు బేరమాడక నిండువెల యిండు. ఇంట వండినవారి పాలు ముందుగా తీసియుంచి, పిమ్మట వడ్డన మొదలిడుడు. ఆ వండినవారు మీరే యైనను సంకోచింపవలదు. అందరి కడుపు నింపిన చేయి అరకడుపుతో నుండుట ధర్మము కాదు.