బెల్లు లేదాండి బండికి?

రెండేళ్ల క్రితం హైవే పక్కన పడి కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాను. లారీ నన్ను తాకలేదు. పక్కనుంచి దూసుకుపోయిందంతే. ఆ గాలికే హ్యాండిల్ అదుపు తప్పి మట్టిలోకి దిగిపోయాను. నేనక్కడ ఉన్నానన్న సంగతి కూడా ఆ డ్రైవర్‌కి తెలిసుండదు. ఆరు వారాలు చెయ్యి మెడకు వేలాడేసుకుని తిరిగాను. సైకిల్ బాల్కనీలోకి వెళ్లింది, అమ్మ దాని మీద తువ్వాళ్లు ఆరేయడం మొదలెట్టింది. నేనూ ఏమీ అనలేదు.

మళ్లీ తొక్కడం మొదలుపెట్టాక కూడా ఔటర్ పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాకే నా లోకం. 2023లో వచ్చింది, 23 కిలోమీటర్లు, కార్ల భయం లేదు. వంక పెట్టడానికేం లేదు. కాకపోతే పదిసార్లు తిరిగాక జిమ్‌లో ఉన్నట్టే ఉంటుంది. ఒకరోజు లంచ్‌లో ఈ గోలంతా వింటున్న అమలాపురం కొలీగ్ అన్నాడు: ‘‘రోడ్డు మీద ఎందుకురా బాబూ, మా గట్టెక్కు.’’

గట్టంటే గోదావరి డెల్టా కాలువ గట్టు. గూగుల్ మ్యాప్‌లో కోనసీమను జూమ్ చేసి చూడండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలుతుంది, ఆ పాయల మధ్య కాలువలు ఆకు ఈనెల్లా పరుచుకుని ఉంటాయి. దాదాపు ప్రతి కాలువ పక్కనా సన్నటి గీత ఒకటి కనిపిస్తుంది. అదే మన రోడ్డు. కొన్నిచోట్ల తారు, కొన్నిచోట్ల సిమెంటు, ఇంకొన్నిచోట్ల ఉత్త మట్టి. ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడని స్కూల్లో చదివాం. స్కూల్లో చెప్పని సంగతి ఒకటుంది. ఆయన దృష్టిలో ఇవి ఉత్త సాగునీటి కాలువలు కావు, సరుకులు మోసే దారులు కూడా. రైళ్లకంటే పడవలే చవకని గట్టిగా వాదించిన మనిషి. అందుకే లాకులు కట్టారు. ఎగువ నీటిమట్టం నుంచి దిగువకి పడవను మెట్టు దింపినట్టు దింపే గేట్లన్నమాట. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి పడవల్ని లాగేవాళ్లు.

ఆదివారం తెల్లారుజామున గౌతమి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో దింపింది. చక్రాలు ఊడదీసి బ్యాగులో కుక్కిన సైకిల్‌ను ప్లాట్‌ఫామ్ మీదే బిగించుకున్నాను. ధవళేశ్వరం చేరేసరికి ఇంకా చీకటి. బ్యారేజీ మీద డిసెంబర్ మంచు, ముందు చక్రం తప్ప ఏం కనబడలేదు. కింద నీళ్ల హోరు మాత్రం వినిపిస్తోంది. బొబ్బర్లంక దగ్గర కోనసీమలో అడుగుపెట్టి కాలువ పక్కకు తిరిగాక మంచు మెల్లగా విడింది. ఒకవైపు నీళ్లు, ఒకవైపు కొబ్బరితోటలు. చాలాసేపు నా చెయిన్ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. భుజాలు కిందకి దిగాయి. రెండేళ్లుగా వాటిని చెవుల దాకా ఎత్తిపట్టుకుని తొక్కుతున్నానని అప్పుడు గానీ తెలియలేదు.

ఆత్రేయపురంలో ఆగాను. పూతరేకులకు 2023లో జీఐ ట్యాగ్ వచ్చింది కదా, ఊరంతా బోర్డులే. బెల్లం పూతరేకులు రెండు తిన్నాను. సైక్లిస్టులకి ఎనర్జీ జెల్లులెందుకో నాకిప్పటికీ అర్థం కాదు. అక్కడికి దగ్గర్లోనే లొల్ల లాకులు. పేరు కొత్తగా ఉన్నా చోటు మీకు తెలుసు, బోలెడు సినిమాల్లో చూసుంటారు. ఇక్కణ్నుంచే కాలువ చీలి అమలాపురం వైపు, గన్నవరం వైపు పోతుంది. సెల్ఫీ వాళ్లు ఇంకా లేవలేదు, లాకులన్నీ నాకే.

తప్పు చేసింది లొల్ల దాటాకే.

వెనక నుంచి గాలి. రోడ్డు గీత గీసినట్టు ఉంది. డెల్టా కాబట్టి ఎత్తూ లేదు, పల్లమూ లేదు. హ్యాండిల్ మీదున్న మీటర్ 30 దాటింది, 33, 35. నాకసలే స్ట్రావా పిచ్చి. తల దించేశాను. పొలం వైపు నుంచి గట్టు మీదకి చిన్న మట్టిబాట ఎక్కుతుంది, దాన్ని నేను చూడనే లేదు. ఆ బాటలోంచి గడ్డిమోపు ఒకటి నడుచుకుంటూ వచ్చినట్టు వచ్చింది. దాని కింద పాత నల్ల సైకిల్, దాన్ని తోసుకొస్తూ ఒక పెద్దాయన. రెండు బ్రేకులూ నొక్కాను. తడిగడ్డి మీద వెనక చక్రం జారింది. నేను ఆయన్ని తాకలేదు. కానీ కంగారులో ఆయన పక్కకి తూలి, సైకిల్తో సహా పడిపోయాడు. మోపు విడిపోయి సగం గడ్డి కాలువలో పడింది.

లేపాను. మోకాలు గీరుకుపోయి రక్తం వస్తోంది. ‘‘సారీ తాతగారూ, సారీ’’ అంటూనే ఉన్నాను. ఆయన నావైపు కాదు, నా సైకిల్ వైపు చూశాడు. కాసేపు ముందు నుంచి, కాసేపు వెనక నుంచి.

‘‘బెల్లు లేదాండి బండికి?’’

లేదు. కొన్నరోజే పీకేశాను, బరువని. అదెంత, యాభై గ్రాములుంటుందేమో. లక్షకి దగ్గర్లో పెట్టి కొన్న సైకిల్‌కి బెల్లు లేదని, గడ్డి మోసే సైకిల్‌కి ఉందని ఆయన ముందు నిలబడితే గానీ నాకు తట్టలేదు. ఆయన తిట్టుంటే బావుండేది. ‘‘కంగారేం లేదండి, ఆయ్, చిన్న దెబ్బే’’ అంటూ నన్నే ఓదార్చాడు. నాకు మాత్రం ఆ లారీ డ్రైవర్ గుర్తొచ్చాడు. వాడికి నేను కనబడలేదు. నాకు ఈయన కనబడలేదు.

మిగిలిన గడ్డి కట్టి, ఆయన సైకిల్ నేను తోసుకుంటూ వాళ్లింటికి నడిచాం. అరగంట పట్టింది. ఆ అరగంటలో గట్టు మీద ఎంతమంది ఉన్నారో చూశాను. రేవులో బట్టలుతికే ఆడవాళ్లు, గేదెల్ని నీళ్లలోకి తోలే కుర్రాడు, రోడ్డుకి సగం దాకా ధాన్యం ఆరబోసుకున్న వాళ్లు, కొబ్బరికాయలు ఒలిచే వాళ్లు. ఇందాక 35 మీద పోతున్నప్పుడు ఇదే ఖాళీ రోడ్డని మురిసిపోయాను. ‘‘మా నాన్న ఈ గట్టునే పడవ లాగేవాడండి’’ అన్నాడాయన, మాటల్లో. భుజానికి తాడు వేసుకుని, లాకు నుంచి లాకుకి. లారీలొచ్చి పడవలు పోయాయి, పడవలు పోయి దారి మిగిలింది. అదెవరి దారో ఆయన చెప్పలేదు, నేనడగలేదు. వాళ్లింట్లో పసుపు అద్ది, టీ ఇచ్చారు. గడ్డికి డబ్బులివ్వబోతే వాళ్లావిడకి కోపమొచ్చింది. టీ తాగేసి లేచాను.

రావులపాలెం సైకిల్ షాపులో బెల్లు కొన్నాను. షాపతను నా కార్బన్ ఫోర్కు నొక్కి చూసి, ‘‘దీనికి బెల్లేంటి సార్’’ అని నవ్వాడు. అయినా బిగించాడు. రేవులు, మలుపులు, పొలంబాటలు వచ్చినప్పుడల్లా మోగిస్తూ పోయాను. స్పీడు 18, 20. విచిత్రమేంటంటే, బెల్లు మోగిస్తే మనుషులు పలకరిస్తారు. ‘‘ఏ ఊరండీ?’’ అనే ప్రశ్నకి ఆ రోజు ఎన్నిసార్లు జవాబు చెప్పానో లెక్కలేదు.

మీరూ వెళ్లాలనుకుంటే కొన్ని సంగతులు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు, నీళ్లు లేని కాలువ పక్కన ఎండలో తొక్కడం నరకం. శనివారం వద్దు, వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు శనివారాల మొక్కు జనం పోటెత్తుతారు. రావులపాలెం దగ్గర హైవే తగులుతుంది, అక్కడ దిగి నడిపించుకుంటూ దాటండి, పరువేం పోదు. ఇసుక ర్యాంపుల దగ్గర లారీలుంటాయి, అంచేత ‘ట్రాఫిక్ ఫ్రీ’ అని ఎవరన్నా చెబితే మరీ నమ్మెయ్యకండి. మరీ సన్నటి టైర్లు వద్దు, తుమ్మముళ్లున్నాయి, రెండు ట్యూబులు దగ్గరుంచుకోండి. మధ్యాహ్నం సముద్రం గాలి ఎదురొస్తుంది. కొండల్లేని కోనసీమలో కొండంటే అదే. కాబట్టి పెందలాడే బయల్దేరి, పదకొండుకల్లా నీడ చూసుకోండి.

రాజమండ్రి నుంచి పి.గన్నవరం 60 కిలోమీటర్లు అటూ ఇటూ. అక్కడ కాలువే నదిని దాటుతుంది. కింద వైనతేయ, పైన అక్విడెక్టులో కాలువ, దాని పక్కన మనం. ఆకలన్న వాళ్లకి అర్ధరాత్రైనా వండిపెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు దానికి. పక్కనే కాటన్ కాలం నాటి పాతది, కమానులతో, ఇంకా నిలబడే ఉంది. అరగంట కూర్చున్నా అక్కడ విసుగు రాలేదు.

రాత్రి రాజోల్లో పడుకుని మర్నాడు అంతర్వేది వెళ్లాను. వశిష్ఠ సముద్రంలో కలిసేచోట నీళ్ల రంగు గీత గీసినట్టు మారుతుంది. అక్కణ్నుంచి వెనక్కి సఖినేటిపల్లి రేవుకొచ్చి పంటు ఎక్కాను. అవతల నరసాపురం, సాయంత్రం రైలు. పంటు మీద మోటార్ సైకిళ్లు, మేకలు, స్కూలు పిల్లలు. ఒక చిన్నాడు నా సైకిల్ చుట్టూ తిరిగి, గేర్లు వదిలేసి, నేరుగా బెల్లు దగ్గరికొచ్చాడు.

‘‘కొట్టనా అన్నయ్యా?’’

కొట్టమన్నాను. నది దాటేదాకా ఆపలేదు వాడు.