ఎండను గడప దాటనివ్వకండి!

కర్నూలును రాయలసీమ ముఖద్వారం అంటారు. కడప పేరేమో ‘గడప’ నుంచే వచ్చిందని చెబుతారు. తిరుమలకు తొలి గడపగా భక్తులు కొలిచే దేవుని కడప ఆలయం ఉన్నది అక్కడే. పేర్లలోనే ద్వారమూ గడపా ఉన్న ఈ రెండు ఊళ్లలోనూ ఇల్లు కట్టుకునేవారు సింహద్వారం దగ్గర చెక్కడాలు చూస్తారు, పాలిష్ చూస్తారు, వాస్తు చూస్తారు... ఎండ సంగతి మాత్రం గృహప్రవేశం అయ్యాక, మొదటి మే నెలలో గుర్తొస్తుంది!

మేలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పడమటి వాకిలైతే మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండంతా తలుపు మీదే. హాల్లో ఏసీ ఆడుతూనే ఉంటుంది, గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దవాళ్లకు సెగ తగులుతూనే ఉంటుంది.

ఇంట్లోకి వచ్చే వేడిలో ఎక్కువ భాగం పైకప్పు, గోడలు, కిటికీల నుంచే వస్తుంది. కాబట్టి తలుపు మార్చినంత మాత్రాన కరెంటు బిల్లు సగమైపోదు. కానీ తలుపు దగ్గర చాలామంది పట్టించుకోని దొంగదారి ఒకటుంది. అదే కింది సందు.

సందు చిన్నదే... లెక్క పెద్దది

తలుపు వెడల్పు మూడున్నర అడుగులు, కింద సందు అరంగుళం అనుకుందాం. మొత్తం 21 చదరపు అంగుళాలు. అంటే గోడకు నాలుగున్నర అంగుళాల పొడవు, అంతే వెడల్పున్న కన్నం పెట్టి వేసవంతా వదిలేసినట్టే! వేడిగాలి వెంట దుమ్మూ, తేళ్లూ వస్తాయి.

పాత మిద్దె ఇళ్ల ద్వారబంధానికి కింద కూడా దూలం ఉండేది. శుక్రవారం పసుపు రాసి కుంకుమ పెట్టే ఆ గడపే సందునూ మూసేది. ఇప్పుడు పెద్దవాళ్ల కాళ్లకు తగులుతుందనో, నేల ఒకే మట్టంగా ఉండాలనో కొందరు గడప తీసేస్తున్నారు. అలాంటివారు తలుపు అడుగున రబ్బరు పట్టీగానీ బ్రష్ పట్టీగానీ తప్పక బిగించుకోవాలి. ఉన్న తలుపుకైనా దీన్ని పెట్టించుకోవచ్చు.

ఏ తలుపు మేలు?

* టేకు, వేప: వేడిని తొందరగా లోపలికి పంపవు. చెదలను బాగా తట్టుకుంటాయి. అయితే చెక్క బాగా ఆరి ఉండాలి. పచ్చి చెక్క వేసవిలో కుంచించుకుపోయి సందులు పడుతుంది, వానలకు ఉబ్బి బిగుసుకుంటుంది.

* ఫ్లష్ డోర్: ఖర్చు తక్కువ. ఐఎస్ 2202 ముద్ర ఉందా, నీటిని తట్టుకునే జిగురు వాడారా అని అడిగి తీసుకోండి.

* స్టీలు: చెదల బెడద లేదు. కానీ ఉక్కు, కలపకంటే వందల రెట్లు వేగంగా వేడిని మోసుకెళుతుంది. లోపల ఫోమ్ నింపినవే ఎంచుకోవాలి.

* డబ్ల్యూపీసీ: చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది. చెదలు పట్టదు, నీటికి ఉబ్బదు. నేరుగా ఎండపడే చోట మాత్రం రంగు వెలిసే అవకాశం ఉంది.

ఏది పెట్టినా పైన సన్‌షేడ్ గానీ, ముందు పందిరి గానీ ఉంటే తలుపుకు ఆయుష్షు, ఇంటికి చల్లదనం. ముదురు రంగుకంటే లేత రంగు మంచిది.

రంగు వేసేటప్పుడు...

తలుపుకు రెండు వైపులా రంగు వేసి ఊరుకుంటారు. పై అంచు, కింది అంచు కంటికి కనబడవు కదా అని వదిలేస్తారు. తేమ చొరబడేది అక్కడినుంచే! బిగించకముందే ఆరు ముఖాలకూ రంగు లేదా వార్నిష్ పట్టించాలి. ఆ తర్వాత ఏడాదికోసారి, వేసవి ముందర, బందులకు నూనె వేసి, అంచులు చూసుకుంటే చాలు.

పగలు మూసి, బయట చల్లబడ్డాక తెరవడం మన పెద్దల పద్ధతి. అందుకే ప్రధాన తలుపుకు తోడు దోమతెర బిగించిన గ్రిల్ తలుపు ఒకటి ఉంటే రాత్రి గాలి ఉచితం, ఆ కాసేపూ ఏసీకి సెలవు.

చివరిగా ఒక్కమాట. పాత ఇల్లు పడగొట్టేటప్పుడు తాతల నాటి వేప తలుపును పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి. పుచ్చు లేకపోతే చిత్రిక పట్టించి, కొలతకు సరిచేయించి కొత్త ఇంటికి వాడుకోండి. అన్నేళ్లు ఆరిన చెక్క కొత్తగా ఎక్కడ దొరుకుతుంది?