వంటయింటి ముచ్చటలు: ఉడకని పప్పు

ఒకే అంగడిలో, ఒకే బస్తానుండి తూచి తెచ్చిన కందిపప్పు ఒక యింట వెన్నవలె మెదుగును. మరియొక యింట గంటసేపు కుతకుతలాడినను పలుకు పలుకుగనే నిలుచును. దీనికి మన గృహములలో సాధారణముగా చెప్పు కారణ మొక్కటే: వండినవారికి వంట రాదు! కాలువగట్టు గ్రామమున పుట్టిన పిల్ల మెట్టయూరికి కోడలై వచ్చి, పుట్టింట ప్రతిదినమును చేసిన ముద్దపప్పే అత్తింట కుదరక, "పప్పుడికించుటయైనను మీ యమ్మ నేర్పలేదా?" యను మాట పడుట మన సీమలో క్రొత్త గాదు. ఆ తల్లిని దూరుటకు ముందు బిందెలోని నీటిని విచారింపవలెనని మా మనవి.

నల్లజర్ల మెట్టసీమ. అచటినుండి దక్షిణముగా తాడేపల్లిగూడెమునకు దిగినచో కాలువ నీటి సీమ వచ్చును. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట గోదావరి నీరు విజ్జేశ్వరము మీదుగా తాడేపల్లిగూడెమునకును, ఏలూరునకును కాలువలలో పారుచున్నది. ఆ నీరు తేలిక నీరు. మెట్టయూళ్లలో బావులును బోరులును ఎక్కువ. రాళ్లనడుమ దిగి నిలిచిన నీరు సున్నపు లవణములను, మెగ్నీషియపు లవణములను తనలో కరగించుకొనును. దానినే కఠినజల మందురు. 2022లో జిల్లాలను విభజించినప్పుడు నల్లజర్ల తూర్పుగోదావరిలో చేరినది గాని, బావిలోని నీరు మారలేదు గదా! కొల్లేటివైపు చిక్కు మరియొక తీరు. అచట ఉప్పుటేరు సముద్రమునకు దారి; కొన్ని యూళ్లలో భూమిలోని నీరే ఉప్పన. సముద్రపు నీటిలో మెగ్నీషియము మెండు గనుక ఉప్పునీటనును పప్పు మొరాయించును.

పప్పుబద్దలోని కణములను పెక్టిన్ అను ఒక జిగురు పట్టియుంచును. వేడికి ఆ జిగురు కరగి, కణములు విడివడిపోవుటనే మనము "మెదిగిన" దనుచున్నాము. నీటిలో సున్నము మెండుగ నున్నచో అది ఆ జిగురును మరింత బిగించును. ఎంత మంట పెట్టినను అది కరగదు. వంటచెరకు, గ్యాసు వృథా. వండు ఇల్లాలికి విసుగు.

మీ నీరెట్టిదో తెలిసికొనుటకు సబ్బే చాలును. నురుగు రాక, తెల్లని తరకవలె విరిగినచో అది కఠినజలము. నీరు కాచు గిన్నె యడుగున తెల్లని పొలుసు కట్టుటయు నొక గుర్తు. అట్టి నీటిని ముందుగా పదినిమిషములు తెర్లకాచి, దింపి, తేరనిచ్చి, పైతేటను మాత్రము వంచుకొని పప్పునకు వాడవలెను. కొంత సున్నము అడుగున దిగిపోవును. ఉప్పదనము మాత్రము కాచుటవలన పోదు. అట్టిచోట వాననీరో, శుద్ధజలమో కావలెను. ఇప్పుడు అనేక గృహములలో త్రాగుటకు శుద్ధజలపు డబ్బాలు తెచ్చుకొనుచునే యున్నారు. ఆ నీటిలో మూడు గ్లాసులు పప్పునకు కేటాయించుట దుబారా యని అత్తగార లెవరైన నన్నచో, మిగిలిన గ్యాసును లెక్కచూపుడు.

నీరు మంచిదైనను పప్పు మొరాయించుటకు పులుపు కారణము కావచ్చును. మామిడికాయ, గోంగూర, చింతచిగురు, చింతపండు పులుసు, వీనిలో దేనినైనను పచ్చిపప్పుతో కలిపి పొయ్యిమీద పెట్టుట తగదు. పులుపుకూడ ఆ జిగురును కరగనీయదు. పప్పు పూర్తిగా మెదిగిన పిమ్మటనే పులుపు చేర్చవలెను. తొందర గలవారు మామిడిముక్కలను వేరుగిన్నెలో నుడికించుకొనవచ్చును. ఉప్పు ముందు వేసిన పప్పుడకదని పెద్దలందురు గాని, ఆ నింద ఉప్పునకు న్యాయముగా తగిలినది గాదు. కొంచె ముప్పు నీటిలో పప్పును నానవేసిన మెత్తబడుటకు తోడ్పడునే గాని చెరుపు చేయదు.

మూడవది పప్పు ప్రాయము. సంవత్సరమునకు సరిపడ ఒక్కసారి కొని, వేడియు చెమ్మయు గల గదిలో నిలువచేసిన పప్పు గట్టిపడును. మన ప్రాంతపు వర్షకాలపు చెమ్మ చాలును. నిలువచేయక తప్పనివారు వేసవియెండలో బాగుగ నెండించి, చల్లారిన పిమ్మట గాలి చొరని డబ్బాలో పోయవలెను. వేడిగా పోసినచో లోపలనే చెమ్మ పట్టును. అది కుదరనివారు రెండు నెలల కొకసారి కొనుటయే మేలు. పాతపప్పును అరగంటయైన నానవేసి, ఎసరు తెర్లిన పిమ్మట వేయుడు. నడుమ నీరు చాలకున్న కాగిన నీరే పోయవలెను.

చిటికెడు వంటసోడా వేసిన వెంటనే మెదుగు ననుట నిజమే. ఐనను దానివలన పప్పులోని బి విటమినులలో నొకటి, థయామిన్, నశించును. రుచియు సబ్బువలె నగును. ఇతర మార్గము లున్నంతవరకు మేము దీనిని సమ్మతింపము.

ఉడకని పప్పు ఇంట ముందుగా బిడ్డలకు నష్టము కలిగించును. పలుకు దిగదని తల్లి పైన తేరిన కట్టు మాత్రము అన్నములో పోసి పెట్టును. బలము కట్టులో కొద్దిగా, పప్పులో మెండుగా నుండును. నూరు గ్రాముల కందిపప్పున సుమారు 22 గ్రాముల మాంసకృత్తు లున్నవి. అన్నమున తక్కువైన లైసీన్ అను పోషకమును పప్పు పూరించును. పప్పున తక్కువైనదానిని అన్నము పూరించును. కావున పసిబిడ్డకు పప్పును వ్రేళ్లతో చిదిమి చూచి, నలక లేకుండ మెదిపి పెట్టవలెను.

కుక్కరు గలవారికి ఈ చిక్కులు చాలవరకు తీరును. లోని వేడి 120 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పోవును గనుక కఠినజలమునను పప్పు కొంత లొంగును. కాని పప్పు నురుగు పైకి పొంగి ఆవిరిద్వారమున నిండి, దానిని మూయుట కలదు. పాత్ర సగమునకు మించి నింపరాదు. ఒక చుక్క నూనె వేసిన నురుగు తగ్గును. ఆవిరిద్వారమును మూతపెట్టుటకు ముందు ప్రతిసారియు వెలుతురున కెత్తి చూచి, మూసికొనిపోయినచో పుల్లతో శుభ్రపరుపుడు.