కొమ్మల గొలుసు, తిన్నని గొలుసు

పిల్లలూ, మేడ్చల్ బజారులో మెత్తని పాలిథీన్ కవరూ దొరుకుతుంది, గట్టి నీలం డ్రమ్మూ దొరుకుతుంది. చిత్రమేమంటే, రెండూ ఇథిలీన్ అనే వాయువు అణువులు గొలుసుగా కలిసి తయారైనవే! మరి యీ తేడా ఎందుకు?

తుమ్మకంపను మోపు కట్టి చూడండి; నడుమ ఖాళీలు మిగులుతాయి. జొన్నచొప్ప అయితే ఒత్తుగా ఇముడుతుంది. అలాగే, గొప్ప ఒత్తిడిలో పుట్టిన గొలుసులకు కొమ్మలుంటాయి. ఆ ప్లాస్టిక్ మెత్తన. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ టైటానియం, అల్యూమినియం సమ్మేళనాలను ఉత్ప్రేరకంగా, అంటే పని వేగంగా జరిపించే పదార్థంగా వాడాడు. కొత్త అణువు టైటానియానికీ గొలుసుకూ మధ్యనే దూరుతుంది. అందుకే గొలుసు తిన్నగా పెరిగి, గట్టి ప్లాస్టిక్ వచ్చింది. 1963లో ఆయనకూ, ఇటలీ శాస్త్రజ్ఞుడు నట్టాకూ నోబెల్ బహుమతి ఇచ్చారు.

అయితే ఒక్క మాట. శామీర్‌పేట చెరువులో పారేస్తే, కొమ్మలున్నదీ కుళ్ళదు, లేనిదీ కుళ్ళదు. జ్ఞాపకముంచుకోండి!