చివరి స్టేషన్ రాయదుర్గం

సైబరాబాద్‌లో వారం ఎప్పుడు అయిపోయిందో క్యాలెండర్ చూడక్కర్లేదు. శుక్రవారం సాయంత్రం సైబర్ టవర్స్ కూడలి నుంచి కొత్తగూడ దాకా ఎర్రలైట్ల వరస కనిపించిందంటే అయిపోయినట్టే. మర్నాడు పొద్దున అదే రోడ్డు చూడాలి... నిన్నటిదేనా అనిపిస్తుంది. ఆఫీసుల ముందు ఇడ్లీ బండ్లు సగం రావు. టీకొట్ల దగ్గర మెడలో ఐడీ కార్డుల గుంపులుండవు. కుక్కలు నడిరోడ్డు మీద దర్జాగా పడుకుంటాయి. ఐదు రోజుల కోసం కట్టిన ఊరు మరి! మిగతా రెండు రోజులూ దాన్నేం చేసుకోవాలో ఎవరికి వారు వెతుక్కోవాల్సిందే.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి పది అంతస్తుల సైబర్ టవర్స్‌ని ప్రారంభించినప్పుడు చుట్టుపక్కల ఎక్కువగా కనిపించినవి బండరాళ్లే. ఆ తర్వాత వచ్చిన కుర్రాళ్లు ఇక్కడే ఉద్యోగాల్లో చేరి, పెళ్లిళ్లు చేసుకుని, ఫ్లాట్లు కొనుక్కుని, ఇప్పుడు ఊళ్లో ఉన్న అమ్మానాన్నల గురించి బెంగపడే వయసుకొచ్చారు. అలాంటి ఓ ఇల్లు అనుకుందాం. కొండాపూర్‌లో తొమ్మిదో అంతస్తు. భార్యాభర్తలిద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. మూడో తరగతి చదివే పాప. తెనాలి పక్క పల్లె నుంచి వచ్చిన తాతయ్య.

నాయనమ్మ పోయి ఏడాదైంది. ‘ఒక్కడివే ఎందుకు నాన్నా, ఇక్కడికొచ్చెయ్’ అని కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాడు. ‘సరేలేరా, ఓ శనాదివారాలు ఉండి చూస్తా. పొలం కౌలుకివ్వడం ఎంతసేపు, నాకక్కడ తోచొద్దూ?’ అన్నాడు పెద్దాయన చివరికి. అంటే ఆ రెండు రోజులూ పరీక్షన్నమాట. రాయాల్సింది తాతయ్య కాదు, హైదరాబాద్!

అందుకే కొడుకు శుక్రవారం రాత్రే ప్రోగ్రామ్ అంతా తయారుచేశాడు. ఎక్సెల్ షీట్‌లో. అలవాటు పోదుగా.

శనివారం తాతయ్య నాలుగున్నరకే లేచాడు. జనవరి చలి. కండువా కప్పుకుని కిందికి దిగాడు. కొడుకు ఎనిమిదింటికి నిద్రలేచేసరికి వాచ్‌మన్‌ది శ్రీకాకుళం జిల్లా అనీ, అతనికి ఇద్దరాడపిల్లలనీ, పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారనీ తెలుసుకుని వచ్చాడు. అయిదేళ్లుగా ఆ గేటులోంచే కారు తీసుకెళుతున్న కొడుక్కి ఇందులో ఒక్క ముక్కా తెలీదు.

టిఫిన్ అయ్యాక బొటానికల్ గార్డెన్. 274 ఎకరాల కొత్తగూడ రిజర్వు ఫారెస్టులో ఉంటుందది. చుట్టూ అద్దాల మేడలు, మధ్యలో అడవి. తాతయ్య పెద్దగా మాట్లాడలేదు గానీ చెట్టుచెట్టు దగ్గరా ఆగాడు. ఎక్సెల్ షీట్ గంట వెనకబడింది.

మధ్యాహ్నం శిల్పారామం. ఐటీ రాకముందే, 1992లో మొదలైన చోటిది. గ్రామీణ మ్యూజియంలో మట్టిగోడల ఇళ్లూ, కులవృత్తులు చేసుకునే మనుషుల బొమ్మలూ చూసి పెద్దాయన నవ్వాపుకోలేకపోయాడు. ‘నలభై ఏళ్లు ఇలాంటి ఇంట్లోనే ఉన్నానే అమ్మాయ్, ఎవరూ టికెట్టు పెట్టలేదే!’ అన్నాడు కోడలితో. పాప మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇదేంటి తాతయ్యా, అదెందుకు తాతయ్యా అంటూ గంటన్నర తిప్పింది. రోజూ ‘స్క్రీన్ టైమ్’ గురించి గొడవపడే పిల్ల ఆ గంటన్నరా ఫోన్ అడగలేదు. కోడలు ఈ సంగతి గమనించింది. పైకి అనలేదు.

సాయంత్రం దుర్గం చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు మంచినీళ్లిచ్చిన చెరువు. గుట్టల మధ్య దాగి ఉండటంతో ‘రహస్య చెరువు’ అని కూడా పేరు. 2020 సెప్టెంబరు 25న దాని మీద తీగల వంతెన ప్రారంభమైంది. రెండు స్తంభాల మధ్య దూరమే 233 మీటర్లు. మొదట్లో కొన్నాళ్లు వారాంతాల్లో బళ్లు ఆపేసి వంతెనని నడిచేవాళ్లకే వదిలారు. సెల్ఫీల జాతర! రంగుల దీపాలు నీళ్లలో మెరుస్తుంటే పాప గంతులేసింది. తాతయ్య మాత్రం రైతు అడగాల్సిన ప్రశ్నే అడిగాడు.

‘ఈ నీళ్లు ఏ చేలకి పారతాయిరా?’

కొడుకు దగ్గర జవాబు లేదు. చెరువుగట్టున ఉన్న బండరాళ్ల వయసు 250 కోట్ల ఏళ్లని చెప్పి మాట మార్చాడు. ‘మరి వీటినేనా దారంతా పగలగొట్టుకొచ్చారు?’ అన్నాడు పెద్దాయన. దానికీ జవాబు లేదు.

అయినా శనివారం పాసే. మార్కులు ఎగిరిపోయింది ఆదివారమే.

తాతయ్యకి మెట్రో ఎక్కాలని కోరిక. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో వచ్చింది 2019 మార్చి 20న. అదే ఏడాది నవంబరు 29న ఇంకో స్టేషన్ కలిసి రాయదుర్గం దాకా వెళ్లింది. ఆ లైనుకి ఇటువైపు అదే చివర. ఈ ఒక్క స్టేషన్ ముచ్చట ఎందుకంటే, కథంతా అక్కడే ఉంది.

కారు హైటెక్ సిటీ స్టేషన్ దగ్గర పెట్టి అమీర్‌పేట వెళ్లారు. పాపకి గౌను కొన్నారు, పెద్దాయనకి స్వెట్టరు కొన్నారు. తిరుగు రైల్లో ఓ కుర్రాడు లేచి సీటిచ్చాడు. తాతయ్య మురిసిపోయాడు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోతోందంటే కోడలు తీసుకుని తన హ్యాండ్‌బ్యాగ్‌లో పవర్‌బ్యాంక్‌కి తగిలించింది. హైటెక్ సిటీ వచ్చింది. అందరూ లేచారు. ముందు ఆడవాళ్లనీ పిల్లల్నీ దిగనివ్వడం తాతయ్య పద్ధతి. పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. ఆయనెరిగిన బస్సులు కండక్టరు ‘రైట్’ అనేదాకా కదలవు. ఈ రైలుకి కండక్టరెక్కడ? తలుపులు మూసుకున్నాయి. అద్దానికి అటు తాతయ్య, ఇటు కొడుకు. అంతే, రైలు వెళ్లిపోయింది.

కొడుకు గబగబా తండ్రికి ఫోన్ చేశాడు. అది పక్కనే, భార్య బ్యాగ్‌లో మోగింది.

భార్యనీ పాపనీ అక్కడే ఉండమని అతను తర్వాతి రైలెక్కాడు. ఆ రైలు రావడానికి ఆరు నిమిషాలు పట్టింది. అమెరికా క్లయింట్‌ ముందు ఎన్నడూ పట్టని చెమట జనవరిలో పట్టింది. నాన్న దిగాడా? దిగి బయటికి వెళ్లిపోయాడా? బయటికెళితే అటు మైండ్‌స్పేస్ టవర్లు, ఇటు రోడ్లు... ఆదివారం పూట దారి అడుగుదామన్నా మనిషి దొరకడు.

తాతయ్య రాయదుర్గంలో దిగాడు. ఇదే చివరి స్టేషన్ అని రైల్లో చెప్పారు కాబట్టి దిగాడు. ప్లాట్‌ఫామ్ మీద సెక్యూరిటీ అమ్మాయి సంగతి విని, ‘మీ అబ్బాయి నంబరు చెప్పండి తాతా, నేను చేస్తా’ అంది. ఆయన నోరు తెరిచాడు. ‘తొమ్మిది...’ అంతే, ముందుకి పోలేదు. పొలం సర్వే నంబరు తెలుసు. సొసైటీ బ్యాంకులో ఖాతా నంబరు తెలుసు. ఎప్పుడో తీసేసిన ల్యాండ్‌ఫోన్ నంబరు కూడా తెలుసు. కొడుకు నంబరు మాత్రం ఫోన్‌లో ‘అబ్బాయి’ అని నొక్కడమే తెలుసు. నవ్వకండి. ఇంట్లోవాళ్ల నంబర్లు ఫోన్ చూడకుండా ఎన్ని చెప్పగలరో మీరూ ఓసారి చూసుకోండి!

కొడుకు ఎగశ్వాసతో వచ్చేసరికి పెద్దాయన ఆ అమ్మాయి చూపించిన చోటే బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. చేతిలో స్వెట్టరు కవరు.

‘దిగాలి కదా నాన్నా!’ కొడుకు గొంతు పెద్దదైంది.

‘రైట్ చెప్పకుండానే కదిలిందిరా’ అన్నాడు తండ్రి. ఆ గొంతు మాత్రం చిన్నబోయింది.

మొత్తం కలిపి పదిహేను నిమిషాలు కూడా కాలేదు. కానీ ఇంటికొచ్చేదాకా కార్లో ఎవరూ మాట్లాడలేదు. అరిచినందుకు కొడుక్కి సిగ్గుగా ఉంది. ఇక నాన్న రాడని ఖాయం చేసుకున్నాడు. కోడలు చేసిన గుత్తివంకాయ కూడా తాతయ్య రెండోసారి వేయించుకోలేదు. భోజనమయ్యాక పాపని బాల్కనీలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. లోపలికి ఎక్కం అప్పజెబుతున్నట్టు ఏదో గొణుగుడు వినిపిస్తూనే ఉంది. కాసేపు పాప గొంతు, కాసేపు ఆయనది.

రాత్రి మియాపూర్‌లో బస్సెక్కించారు. ‘మళ్లీ ఎప్పుడొస్తావు?’ అని అడగడానికి కొడుక్కి సగం ధైర్యమే మిగిలింది. ‘చేలో మినుము ఉందిగా. తీయాలి’ అన్నాడు తాతయ్య. అది అవునో కాదో అర్థం కాలేదు. బస్సు కదిలింది.

కారు కొండాపూర్ చేరకముందే ఫోన్ మోగింది. ఏదో తెలియని నంబరు. మామూలుగా అయితే కట్ చేసేవాడే, ఆదివారం రాత్రి కూడా లోన్లు అమ్మేవాళ్లుంటారు. ఎందుకో ఎత్తాడు.

‘ఒరేయ్, నేనే. పక్కసీటు అబ్బాయి ఫోన్లే ఇది. నీ నంబరు చూడకుండా నొక్కా. మొదటిసారి ఎవరో హిందీలో మాట్లాడారు. ఇది రెండోసారి. కలిసిందిగా?’