మడ లెక్క ముందే రాసి పెట్టండి

కోరంగి మడల్లో చమురు పడితే ఏమిటి గతి అని అడిగితే మన వైపు పెద్దలు "శుభం పలకరా" అని కసురుకుంటారు. అయినా అడగక తప్పదు. గోదావరి డెల్టాలో కొబ్బరి తోటల పక్కన, కాలువల కింద చమురు, గ్యాసు గొట్టాలు పోతున్నాయి. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయిన సంగతి ఎవరూ మరవలేదు. అది నిప్పు గనుక లోకానికి కనబడింది. బురదలోకి దిగిన చమురు కనబడదు.

ఆఫ్రికాలో నైజర్ నది డెల్టాలో బోడో అనే ఊరుంది. మన మాదిరే మడలు, పీతలు, పడవల బతుకు. 2008లో అక్కడ షెల్ కంపెనీ గొట్టం రెండుసార్లు చిల్లు పడింది. రెండోసారి కారిన చమురు 2009 ఫిబ్రవరి దాకా ఆగలేదు. మొదటిసారి పోయింది 1,640 పీపాలేనని తనిఖీ కాగితంలో రాశారు. ఆ అంకె తక్కువని 2014లో లండన్ కోర్టు వ్యాజ్యంలో కంపెనీయే ఒప్పుకొన్నది. అంతకుముందు ఊరికి ఇవ్వజూపింది 50 బస్తాల బియ్యం, 50 బస్తాల చిక్కుడు గింజలు, ఇంకా కొంత పంచదార, టమాటా! కోర్టుకెక్కిన మీదట 2015లో 5 కోట్ల 50 లక్షల పౌన్లకు రాజీ కుదిరింది. మడ మాత్రం డబ్బుతో లేవలేదు. శుభ్రం చేసే పనే ఆగుతూ సాగుతూ ఏళ్లు పట్టింది.

ఎందుకంటే మడ చెట్టు బురదపైకి లేచిన వేళ్లతో గాలి పీలుస్తుంది. చమురు పూసుకుంటే ఊపిరాడక చస్తుంది. పోటు వచ్చినప్పుడల్లా జిడ్డు కొత్త చోటికి పాకుతుంది, పీత బొరియల గుండా లోపలికి దిగుతుంది. అడుగున గాలి ఆడదు గనుక ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. తెలియక మనుషులు దిగి తొక్కితే మరింత లోతుకు పోతుంది. ఆ బురదలో మొక్కలు నాటడం దండగ. నాటేటప్పుడు ఫొటోలు పంపడం మా విలేకరులకు అలవాటే గాని, మూడేళ్ల తర్వాత వెళ్లి చూసినవాళ్లం తక్కువ.

నష్టం జరిగాక "ఈ చెట్లు ముందే ఎండిపోయాయి" అంటే మన దగ్గర జవాబు ఏది? ఏ పాయలో మడ ఎంత, తిల్ల ఎంత, గజం నేలలో పీత బొరియలెన్ని, బురదలో ఇప్పుడు చమురు జాడ ఉందా లేదా, ఒక్కో పడవకు వేట ఎంత పడుతోంది అనేది తేదీతో సహా ఈ రోజే రాసి పెట్టాలి. ఖర్చు గొట్టాలు వేసిన సంస్థలు భరించాలి, లెక్క మాత్రం వారి చేతికి ఇవ్వకూడదు. అటవీ శాఖ, మత్స్య శాఖ కలిసి చేయాలి. ఒక కాపీ పంచాయతీలో ఉండాలి. చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు పారించి పాడుపడ్డ మడను లేపిన అనుభవం మన అటవీ శాఖకు ఉంది. కనుక పని తెలియదనడానికి లేదు.

మొదటి నమూనా తీసే రోజు ముందుగా ఊళ్లో దండోరా వేయించండి. ఏ పాయ ఎక్కడుందో తెలిసిన పీతల వేటగాళ్లు పడవలతో వస్తారు.